నేను అనంతపురంలో ఉంటాను. కలెక్షన్‌లో దాచుకోవడానికి కొనే మడత చాకుకు డీ2 స్టీల్ మంచిదా, ఎస్35వీఎన్ స్టీల్ మంచిదా?

కలెక్షన్‌లో దాచుకోవడానికే కొంటున్నారు కాబట్టి, తుప్పును బాగా తట్టుకునే ఎస్35వీఎన్ తీసుకోండి. డీ2లోనూ సుమారు 12 శాతం క్రోమియం ఉంటుంది. కానీ 1.5 శాతం దాకా ఉన్న కార్బన్ అందులో చాలా భాగాన్ని కార్బైడ్లుగా (గట్టి రేణువులుగా) పట్టేసుకుంటుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. పదును మాత్రం బాగా నిలుస్తుంది, ధరా తక్కువే. ఎస్35వీఎన్‌లో క్రోమియం 14 శాతం, పైగా పౌడర్ పద్ధతిలో, అంటే ఉక్కు పొడిని ముద్దకట్టి, చేస్తారు కనుక కార్బైడ్లు సన్నగా, సమంగా ఉంటాయి.

మన ఊరి గాలి పొడిదే అయినా చేతి చెమట చాలు, డీ2 మీద మచ్చ పడటానికి. ఏది కొన్నా తోలు సంచిలో ఉంచకండి, తేమ పట్టేస్తుంది. ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె రాస్తే జిగురు కట్టి మడత బిగుసుకుంటుంది. పలచగా కుట్టుమిషన్ నూనె రాయండి.