చెక్క గరిటెలు అమ్మడానికి హైదరాబాదు కోర్సు కావాలా?

ప్రశ్న: మాది ఉదయగిరి. మా కుటుంబమంతా చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తాం. ఇన్నాళ్లూ వచ్చి కొనుక్కుపోయే వ్యాపారులకే ఇస్తున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది బీకాం పూర్తిచేసింది. సరుకును ఆన్‌లైన్‌లో తానే అమ్ముతానని, అందుకోసం హైదరాబాదులో మూడు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేస్తానని అంటోంది. ఫీజు, హాస్టలు కలిపితే 70 వేలు దాటుతోంది. పంపించమంటారా? – ఒక తండ్రి, నెల్లూరు జిల్లా

జవాబు: డిగ్రీ చేతికి రాగానే ఇంటి పనిని చిన్నచూపు చూడకుండా, ఆ పనికే దారి వెతుకుతున్న మీ అమ్మాయి ఆలోచన మెచ్చుకోదగినది. అయినా ఈ సంవత్సరం ఆ కోర్సుకు డబ్బు కట్టవద్దనే నా సలహా. ఇటువంటి కోర్సుల్లో ప్రధానంగా నేర్పేది ఫేస్‌బుక్‌లోనో గూగుల్‌లోనో ప్రకటన ఎలా పెట్టాలి, దానికి ఎంత ఖర్చయింది, ఎంతమంది చూశారు అనే విషయాలు. ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో తేలకముందే ప్రకటనలు పెట్టడం నేర్చుకుంటే ఆ నేర్పు డబ్బు ఖర్చు పెట్టడానికి మాత్రమే పనికివస్తుంది.

మార్కెటింగ్ అంటే ప్రచారమేనన్న అభిప్రాయం మనలో బాగా నాటుకుపోయింది. జెరోమ్ మెకార్తీ అనే అమెరికన్ ఆచార్యుడు 1960లోనే దీన్ని సరుకు, ధర, సరుకు దొరికే చోటు, ప్రచారం అనే నాలుగు భాగాలుగా చెప్పాడు. బీబీఏ, ఎంబీఏ తరగతుల్లో ఇప్పటికీ మొదట చెప్పే పాఠం ఇదే. చిన్న వ్యాపారంలో మొదటి మూడూ సరిగా ఉంటే నాలుగోదానికి పెద్దగా ఖర్చు చేయవలసిన పని ఉండదు.

మీ పనికి ఒక ప్రత్యేకమైన హద్దు ఉంది. చెక్కను చెక్కి, నునుపు పట్టి, ఒక్కొక్క గరిటెనూ చేత్తో తీర్చేవారు రోజుకు ఎన్ని చేయగలరో అన్నే చేయగలరు. అందువల్ల మీకు కావలసింది వేలమంది కొనుగోలుదారులు కాదు, మీరు చేయగలిగినన్ని గరిటెలకు సరైన ధర ఇచ్చే కొద్దిమంది. ఆ కొద్దిమంది ఎవరన్నదే మీ అమ్మాయి ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న. నాన్‌స్టిక్ పెనం వాడే గృహిణికి స్టీలు గరిటెతో పూత గీసుకుపోతుందన్న బెంగ ఉంటుంది కాబట్టి, ఆమె చెక్క గరిటెను అవసరం కొద్దీ కొంటుంది. ఆమెకు కావలసింది పట్టుకోవడానికి అనువైన కాడ, అంచు చదునుగా ఉన్న అట్లకాడ. పెళ్లికో గృహప్రవేశానికో కానుక ఇవ్వదలచినవారికి పెట్టె అందంగా ఉండాలి, సరుకు వెనుక ఊరి పేరు ఉండాలి. లేపాక్షి వంటి హస్తకళల దుకాణాలకు వరుసగా ఒకే కొలతలో, ఒకే నాణ్యతతో, చెప్పిన తేదీకి సరుకు అందాలి. ఈ ముగ్గురినీ ఒకే ఫొటోతో, ఒకే మాటతో, ఒకే ధరతో ఆకట్టుకోవడం సాధ్యం కాదు. ఎవరు ఏ గరిటె కొన్నారు, ఎందుకు కొన్నారు, మళ్లీ వచ్చారా అన్న మూడు సంగతులను ఆరు నెలలపాటు ఒక నోటుపుస్తకంలో రాయమనండి. బీకాం చదివిన అమ్మాయికి పద్దు రాయడం కొత్త కాదు.

ధర విషయంలో కొంచెం ఆగి లెక్క చూద్దాం. ఒక సెట్టు 300 రూపాయలకు అమ్ముతారనీ, చెక్క, కూలి, పెట్టె, కొరియరు కలిసి 225 అవుతుందనీ అనుకుందాం. మిగులు 75. నెలకు 30 సెట్లు పోతే 2,250 రూపాయలు మిగులుతాయి. పండుగ ఆఫరని పది శాతం తగ్గిస్తే ధర 270 అవుతుంది. ఖర్చు తగ్గదు కాబట్టి మిగులు 45కు పడిపోతుంది. అదే 2,250 రావాలంటే 50 సెట్లు అమ్మాలి. ఆ అదనపు 20 సెట్లు చేయడానికి చేతులెక్కడివి? యంత్రాలతో చేసే కంపెనీకి రాయితీ ఒక ఎత్తుగడ. చేతిపనివారికి అది తమ కూలిని తామే కోసుకోవడం. ధర తగ్గించే బదులు మూడు గరిటెల సెట్టుకు ఒక చిన్న చెంచా కలిపి ఇవ్వడం చాలా సందర్భాల్లో మేలు, ఎందుకంటే దానికయ్యే ఖర్చు తక్కువ, మీ ధర చెక్కుచెదరదు. మరొక సంగతి: మీ ఇంట్లోవారి శ్రమకు కూలి కట్టకుండా ఖర్చు లెక్క వేయడం మన కుటుంబ వ్యాపారాల్లో మామూలు. ఆ లెక్కతో పెట్టిన ధర ఎప్పటికీ గిట్టదు.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఒక సరుకు ఫలానా ప్రాంతానిదేనని చెప్పే అధికారిక గుర్తు, ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ పేరు మీకు ఎవరూ కొనివ్వలేని ప్రచారం. అయితే 1999 నాటి చట్టం ప్రకారం ఆ గుర్తును సరుకుపై వాడుకోవాలంటే, తయారీదారు చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మీ కుటుంబం పేరు నమోదైందో లేదో ముందుగా కనుక్కోండి. కాకపోతే దరఖాస్తు చేయించే పనిని మీ అమ్మాయికే అప్పగించండి. కానుకగా కొనేవారు ఎక్కువ ధర ఇవ్వడానికి వెనుకాడకపోవడం ఈ గుర్తుతోనే మొదలవుతుంది.

ఆన్‌లైన్‌లో కొనేవారు గరిటెను చేత్తో పట్టి చూడలేరు. అందువల్ల పొడవు సెంటీమీటర్లలో రాయాలి, ఒక ఫొటోలో అది పెనంలో ఉండగా కనిపించాలి. ఈ రెండూ లేకపోతే ‘ఇంత చిన్నదనుకోలేదు’ అని సరుకు వెనక్కి వస్తుంది, రానూపోనూ కొరియరు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ప్రతి పెట్టెలోనూ ఒక చీటీ ఉంచాలి: నీళ్లలో నానబెట్టవద్దు, కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టండి, అప్పుడప్పుడు వంటనూనె పూయండి. చీటీ లేక, నానబెట్టి, పగిలిపోయిన గరిటెను చూసి కొన్నవారు తమను తాము తప్పుపట్టుకోరు, మీ పనినే తప్పుపడతారు.

ఇక పనిముట్ల మాటకు వస్తే, వాట్సాప్ బిజినెస్ యాప్ వాడడం, గూగుల్‌లో మీ పని జరిగే చోటు వివరాలు పెట్టడం రెండూ ఉచితమే, ఒక వారంలో నేర్చుకోవచ్చు. వాట్సాప్‌లో ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశం మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే చేరుతుందని మాత్రం గుర్తుంచుకోమనండి. అంటే కొన్నవారి చేత నంబరు సేవ్ చేయించుకోవడం అమ్మకంలో భాగమన్నమాట.

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. అక్కడ ఒక చిన్న బల్ల వేసి అమ్మిచూస్తే, ఏ గరిటెను జనం చేతిలోకి తీసుకుంటున్నారో, ఏ ధర విని కింద పెట్టేస్తున్నారో కళ్లారా తెలుస్తుంది. మీరు పక్కన నిలబడి బేరం మీరే తేల్చేయకండి, ఆమెనే మాట్లాడనివ్వండి.

చదువు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో మార్కెటింగ్ పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్టు కావాలనుకుంటేనే పరీక్ష రుసుము కట్టాలి. ఆరు నెలల నోటుపుస్తకం నిండిన తరువాత కూడా ఆమెకు ఈ విషయంపై ఆసక్తి నిలిస్తే ఎంబీఏ ప్రవేశ పరీక్ష అయిన ఏపీ ఐసెట్ రాయించండి; రెండేళ్ల ఎంబీఏ కోసం హైదరాబాదు దాకా వెళ్లనక్కరలేదు, కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మన జిల్లాలోనే ఉంది. ఒకవేళ ప్రకటనల పని నిజంగానే అవసరమై ఆ మూడు నెలల కోర్సుకే వెళ్లాలనుకుంటే, డబ్బు కట్టే ముందు ఆ సంస్థను రెండు విషయాలు అడగండి: పాఠాల్లో విద్యార్థి తన సొంత సరుకుతో, సొంత డబ్బుతో ప్రకటన నడిపి చూసే అవకాశం ఉందా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు. రెండో దానికి జవాబును కాగితం మీద తీసుకోండి.