కోనసీమలో ఇంటి కంప్యూటరులో ఉచిత హెచ్‌డీ టీవీ: యాంటెన్నాతో కాదు, డిష్‌తో

మీరు అడిగినది ఇది. అమెరికాలో ఉన్న మీ బంధువులు కిటికీకి ఒక పలుచని యాంటెన్నా అంటించి, చిన్న ట్యూనరు సాయంతో నెలసరి చందా ఏమీ లేకుండా కంప్యూటరులో హెచ్‌డీ ఛానెళ్ళు చూస్తున్నారు; రాజోలు దగ్గర మీ ఊళ్ళో, మీ డెస్క్‌టాప్‌లో అదే పని అవుతుందా, వారు సెలవులకు వచ్చేటప్పుడు ఆ ట్యూనరునే తెమ్మనవచ్చునా? నేను అమలాపురం దగ్గర ఉంటాను. కొన్నేళ్ళుగా మా ఇంటి కంప్యూటరులో ఉచిత హెచ్‌డీ ఛానెళ్ళు చూస్తున్నాను, కావలసిన కార్యక్రమాలను దాచుకుంటున్నాను కూడా. కాబట్టి పని అవుతుందని ధైర్యంగా చెప్పగలను. అయితే ఆ ట్యూనరుతో కాదు, ఆ యాంటెన్నాతో అసలే కాదు. మన డెల్టాలో ఉచిత హెచ్‌డీ రావలసింది డాబా మీది డిష్ నుంచే.

అమెరికాలో స్థానిక టీవీ కేంద్రాలు ఏటీఎస్‌సీ అనే పద్ధతిలో ప్రసారం చేస్తాయి. అక్కడి పెద్ద కేంద్రాలన్నీ 2009 జూన్ 12 నాటికి పాత అనలాగ్ ప్రసారాలను ఆపివేసి పూర్తిగా డిజిటల్‌కు మారాయి కాబట్టి, ఊరికి దగ్గరలో ఉన్న టవరు నుంచి హెచ్‌డీ బొమ్మ నేరుగా ఇంటి యాంటెన్నాకు అందుతుంది. మన దేశం ఎంచుకున్నది డీవీబీ పద్ధతి. ఏటీఎస్‌సీ ట్యూనరుకు డీవీబీ సంకేతం అర్థం కాదు. సాఫ్ట్‌వేరు మార్చినంత మాత్రాన ఆ లోపం తీరదు. అందువల్ల మీ బంధువుల చేత ఆ పెట్టెను తెప్పించకండి. ఆ బరువుకు ఇంకేదైనా తెమ్మనండి.

మరి మన దేశపు టవర్ల సంగతి ఏమిటంటే, దూరదర్శన్ 2016లో డీవీబీ-టీ2 పద్ధతిలో భూతల డిజిటల్ ప్రసారాలను 16 నగరాల్లో మొదలుపెట్టింది. దక్షిణాదిన చెన్నై, బెంగళూరు ఆ జాబితాలో ఉన్నాయి గాని మన రాష్ట్రంలోని నగరం ఒక్కటీ లేదు. చెన్నై మనకు సూటిగా కొలిచినా నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. ఈ తరంగాలు టవరు నుంచి దిగంతం దాటి మరికొంత దూరం మాత్రమే పోగలవు కాబట్టి ఎంత ఎత్తున యాంటెన్నా కట్టినా అది మనకు చిక్కదు. ఇక పాత అనలాగ్ ప్రసారాల విషయానికి వస్తే, కొద్దిపాటి సరిహద్దు, వ్యూహాత్మక ప్రాంతాలను మినహాయించి వాటిని 2022 మార్చి నాటికి దాదాపు అన్నిచోట్లా ఆపివేశారు. పెంకుటిళ్ళ మీద ఇంకా మిగిలి ఉన్న ఆ పాత గొట్టాల యాంటెన్నాలు ప్రస్తుతం కాకులు వాలడానికి తప్ప మరెందుకూ పనికిరావు.

ఆన్‌లైనులో చవకగా దొరికే ‘టీవీ స్టిక్కు’ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాటిలో చాలా వాటి లోపల ఆర్‌టీఎల్2832యు అనే చిప్పు ఉంటుంది. అది పాత డీవీబీ-టీ సంకేతాన్ని మాత్రమే చదువుతుంది. టీ2 గాని, ఉపగ్రహ సంకేతం గాని దానితో పనిచేయవు. ఎఫ్‌ఎం రేడియో వినడానికీ ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలకూ మంచి వస్తువే, కాని మీ పనికి దండగ. పూర్వం కేబుల్ తీగను నేరుగా కంప్యూటరుకు తగిలించి చూసిన అనలాగ్ ట్యూనరు కార్డులకు కూడా, కేబుల్ మొత్తం డిజిటల్‌గా మారి సంకేతానికి తాళం పడిన తర్వాత, కాలం చెల్లింది.

మిగిలిన దారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైన ఈ ఉచిత సేవ ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచిన జీశాట్-15 ఉపగ్రహం నుంచి కేయూ బ్యాండు అనే అధిక పౌనఃపున్య తరంగాల మీద వస్తుంది. ఇస్రో ఈ ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానా నుంచి పంపింది. నెలసరి రుసుము లేదు. డీడీ నేషనల్, డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్ వంటి దూరదర్శన్ ఛానెళ్ళ హెచ్‌డీ రూపాలు ఇందులో దొరుకుతాయి. కాని ముందే చెప్పవలసిన నిజం ఒకటుంది: ఉచితంగా వచ్చే హెచ్‌డీ ఛానెళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, మిగిలినవన్నీ సాధారణ నాణ్యతవే. మన సప్తగిరి కూడా ఆ కోవలోనిదే. తెలుగు వినోద ఛానెళ్ళను హెచ్‌డీలో చూడాలన్న కోరికతో ఈ పని మొదలుపెడితే నిరాశ తప్పదు.

కంప్యూటరు వైపు మీకు కావలసినది డీవీబీ-ఎస్2 ట్యూనరు, అంటే ఉపగ్రహ సంకేతాన్ని చదివే ట్యూనరు. లోపల బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులూ ఉన్నాయి, బయట పెట్టుకునే యూఎస్‌బీ పెట్టెలూ ఉన్నాయి. యూఎస్‌బీ పెట్టె కొంటే దానితోపాటు కరెంటు అడాప్టరు కూడా వచ్చేలా చూసుకోండి, ఎందుకంటే డిష్ ముందుండి సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి ఈ ట్యూనరే 13 లేదా 18 వోల్టులు పంపాలి, అంత శక్తి యూఎస్‌బీ రంధ్రం నుంచి రాదు. మీరు లినక్స్ వాడేవారైతే డీవీబీస్కై ఎస్960 వంటి పెట్టెకు డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంటుంది, ఫర్మ్‌వేరు ఫైలు ఒక్కటి చేర్చుకుంటే చాలు. విండోస్ అయితే తయారీదారు ఇచ్చే డ్రైవరు వేసుకోవాలి. హాల్లో టీవీకి ఇప్పటికే ఫ్రీ డిష్ పెట్టె ఉంటే, ఉన్న తీగను చీల్చి రెండింటికీ పంచకుండా, రెండు మూతులున్న ఎల్‌ఎన్‌బీ పెట్టి కంప్యూటరుకు వేరే తీగ లాగండి.

అసలు శ్రమంతా డాబా మీద ఉంటుంది. అమలాపురం, రాజోలు ప్రాంతం నుంచి చూస్తే ఈ ఉపగ్రహం ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 144 డిగ్రీల దగ్గర, అంటే ఆగ్నేయ మూల నుంచి కొంచెం దక్షిణానికి జరిగి, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లో వంటగది ఉన్న మూల నుంచి దక్షిణం వైపు కొద్దిగా తిరిగితే సరిపోతుంది. ఫోనులోని దిక్సూచి ఈ పనికి చాలు గాని, పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వల దగ్గర నిలబడి చూస్తే అది తప్పు చూపుతుంది; వాటికి దూరంగా నిలబడి దిక్కు గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే డిష్ దగ్గరకు రండి. ఎల్‌ఎన్‌బీని కూడా దాని బిగింపులో సుమారు 34 డిగ్రీలు తిప్పవలసి ఉంటుంది. చాలామంది దీన్ని నిటారుగానే వదిలేసి, సంకేతం బలహీనంగా ఉందని డిష్‌ను నిందిస్తారు.

మన ప్రాంతంలో అందరికీ వచ్చే సందేహం కొబ్బరి చెట్ల గురించి. ఉపగ్రహం బాగా ఎత్తున ఉండటం మన అదృష్టం. డిష్ మట్టం నుంచి చెట్టు ఎంత ఎత్తుందో చూసి ఆ అంకెను 2.3తో భాగిస్తే, ఆ దిక్కున చెట్టు కనీసం ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. చెట్టు అరవై అడుగులు, డాబా మీద మీ డిష్ పన్నెండు అడుగుల ఎత్తున ఉన్నాయనుకోండి. మిగిలిన నలభై ఎనిమిది అడుగులను 2.3తో భాగిస్తే ఇరవై ఒక్క అడుగులు వస్తుంది. మట్టలు చుట్టూ చాచుకునే పదిహేను అడుగులను దానికి కలపాలి, కాబట్టి ముప్పై ఆరు అడుగుల అవతల ఉన్న చెట్టుతో ఇబ్బంది లేదు. ఈ లెక్క చూడకుండా చెట్టు కొట్టించకండి. చాలా ఇళ్ళలో డిష్‌ను పిట్టగోడ వెంట పది అడుగులు జరిపితే సరిపోతుంది. మట్ట అడ్డు వస్తున్నదీ లేనిదీ గుర్తించడం కూడా సులువే: గాలి లేనప్పుడు బొమ్మ చక్కగా ఉండి, గాలికి ఆకులు ఊగినప్పుడల్లా గడులు గడులుగా విరిగి మళ్ళీ కుదురుకుంటుంది.

దీనికి ఇంకొక చక్కని పరీక్ష ఉంది. ఏటా మార్చి రెండో వారంలోనూ, మళ్ళీ అక్టోబరు మొదటి రోజుల్లోనూ, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు మన చూపుకు సరిగ్గా ఈ ఉపగ్రహం వెనక్కు వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు సూర్యుని రేడియో రొద వల్ల బొమ్మ పోతుంది. అది పరికరాల లోపం కాదు. ఆ సమయంలో డిష్ పెట్టదలచిన చోట నిలబడి చూడండి. అక్కడ ఎండ పడుతుంటే ఉపగ్రహానికి దారి తెరిచి ఉన్నట్టే. చెట్టు నీడ పడుతుంటే చోటు మార్చవలసిందే.

గురి కుదర్చడానికి లాప్‌టాప్‌ను పైకి తీసుకువెళ్ళడం మంచిది. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ దిగువ బ్యాండు అంకె 9,750 అని సాఫ్ట్‌వేరులో ఇచ్చి, 11,090 మెగాహెర్ట్జ్, వర్టికల్, సింబల్ రేటు 29,500 అనే ట్రాన్స్‌పాండరును (కొన్ని ఛానెళ్ళను కలిపి మోసే ఉపగ్రహ ప్రసార మార్గాన్ని) ఎంచుకోండి. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ గీత డిష్ ఎటు తిరిగి ఉన్నా కొంత వెలుగుతుంది, దాన్ని నమ్మవద్దు; క్వాలిటీ గీత లేచినప్పుడే ఉపగ్రహం దొరికినట్టు. ఆ గీత ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి డిష్‌ను వెంట్రుకవాసి జరిపి, ఆగి, చూసి, మళ్ళీ జరపాలి. బోల్టు బిగించేటప్పుడు కూడా గురి కదులుతుంది. కాబట్టి స్పానరు చేతిలో ఉన్నంతసేపూ కళ్ళు గీత మీదే ఉండాలి.

అంతా కుదిరిన తర్వాత మన వాతావరణం తన వంతు మొదలుపెడుతుంది. జోరువాన కురిసేటప్పుడు కేయూ బ్యాండు సంకేతాన్ని నీటిచుక్కలు మింగేస్తాయి. అరవై సెంటీమీటర్ల డిష్ బదులు తొంభై సెంటీమీటర్లది పెడితే వైశాల్యం రెండుంబావు రెట్లవుతుంది, మామూలు వానలను తట్టుకుంటుంది. అయితే పెద్ద డిష్ గాలిని తెరచాపలా పట్టుకుంటుంది. 1996 నవంబరు తుఫానును చూసిన ఊళ్ళకు వేరే చెప్పనక్కరలేదు; స్తంభాన్ని ఇటుక పిట్టగోడకు కాకుండా కాంక్రీటుకే యాంకరు బోల్టులతో బిగించండి, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున డిష్‌ను విప్పి లోపల పెట్టండి. ఆ రోజుల్లో వార్తలకు ఎలాగూ బ్యాటరీ రేడియోయే దిక్కు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి వాన కంటే ఉప్పుగాలి పెద్ద శత్రువు. మా ఇంట్లో ఒక వర్షాకాలంలో ఛానెళ్ళు ఒక్కొక్కటిగా మాయమవుతూ వచ్చాయి. ఎల్‌ఎన్‌బీ దగ్గరి ఎఫ్ కనెక్టరు విప్పి చూస్తే లోపల చెమ్మ, నడిమి రాగి తీగ చుట్టూ పచ్చని చిలుము. ఆర్‌జీ-6 తీగ చివర కత్తిరించి కొత్త కనెక్టరు వేసి, పైన నీరు చొరబడని రబ్బరు టేపు చుట్టాక ఛానెళ్ళన్నీ తిరిగి వచ్చాయి. తీగను గోడలోకి దించే ముందు కిందికి ఒక వంపు వదిలితే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, ఇంట్లోకి రాదు. డిష్ స్తంభానికి ఎర్తింగు ఇవ్వండి. ఉరుము వినబడగానే ట్యూనరు నుంచి తీగ పీకివేయండి. ఈ మాట చాదస్తంగా తోచవచ్చు, కాని పిడుగుపాటుకు పోయేది ట్యూనరు ఒక్కటే కాదు, దానికి తగిలించిన కంప్యూటరు కూడా.

చూడటానికి విండోస్‌లో ప్రోగ్‌డీవీబీ గాని డీవీబీ వ్యూయరు గాని, లినక్స్‌లో కఫీన్ గాని సరిపోతాయి. ఇంట్లోని ఫోన్లకూ మిగతా కంప్యూటర్లకూ వైఫై మీద పంచాలనుకుంటే టీవీహెడ్‌ఎండ్‌ను మించినది లేదు. ట్రాన్స్‌పాండర్ల జాబితా అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి ఛానెలు కనబడనప్పుడు ముందుగా కొత్తగా స్కాన్ చేయండి. హెచ్‌డీ ఛానెల్లో కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్ళలా చీలి కనిపిస్తే, అది ఇంటర్‌లేస్డ్ బొమ్మ, అంటే గీతలను ఒకటి విడిచి ఒకటిగా రెండు విడతల్లో పంపే బొమ్మ, కావడం వల్లనే. ప్లేయరులో డీఇంటర్‌లేస్ ఎంపికను వేస్తే సర్దుకుంటుంది.

ఒక్కటి మాత్రం నిర్మొహమాటంగా చెబుతాను. మీకు చూడటమే ముఖ్యమైతే ఈ ట్యూనరు వద్దు. హెచ్‌డీని చదవగల ఎంపెగ్-4 ఫ్రీ డిష్ పెట్టెను కొని, దాని హెచ్‌డీఎంఐ తీగను నేరుగా మానిటరుకు తగిలించండి. ఖర్చూ తక్కువ, డ్రైవర్ల బెడదా లేదు. కార్యక్రమాలను ప్రసారమైనది ప్రసారమైనట్టుగా, నాణ్యత తగ్గకుండా దాచుకోవాలన్న కోరిక ఉంటేనే ట్యూనరు పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. అలా దాచుకునేటప్పుడు డిస్కులో చోటు చూసుకోండి: సెకనుకు 8 మెగాబిట్లతో వచ్చే ఛానెలు గంటకు 3.6 గిగాబైట్లు తింటుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లను మించిన ఫైలు పట్టదు కాబట్టి క్రికెట్ మ్యాచి మధ్యలోనే రికార్డింగు ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ గాని ఎక్స్‌ఫ్యాట్ గాని ఉన్న డిస్కునే వాడండి.