డిశ్చార్జ్ బుక్కులో 1971 మెడల్స్ లేవు, ఇప్పుడు ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గిద్దలూరు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు 1967లో సైన్యంలోని ఆర్టిలరీలో (ఫిరంగి దళం) చేరి 1984లో హవల్దారుగా రిటైరయ్యారు. పెన్షన్ వస్తోంది. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారు. కానీ రిటైరైనప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ బుక్కులో సైన్య సేవా మెడల్, 9 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్ మాత్రమే రాసి ఉన్నాయి. 1971 యుద్ధానికి ఇచ్చే పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ లేవు. ట్రంకు పెట్టెలో సంగ్రామ్ మెడల్ ఒకటి మాత్రం ఉంది. ఊళ్లో ఆగస్టు 15 సన్మానంలో ఎవరో "బుక్కులో లేని మెడల్ ఎలా పెట్టుకున్నారు" అన్నారట, అప్పటినుంచి ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు. ఇప్పుడు ఆయనకి 77 ఏళ్లు. ఒకాయన 25 వేలు ఇస్తే రికార్డులో ఎక్కించి పెన్షన్ కూడా పెంచిస్తానంటున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కుదురుతుందా? కోర్టుకి వెళ్లాలా?

జవాబు: ముందు ఆ 25 వేల సంగతి. ఇవ్వకండి. పూర్వీ స్టార్ వచ్చినా, సంగ్రామ్ మెడల్ బుక్కులో ఎక్కినా పెన్షన్ ఒక్క రూపాయి కూడా పెరగదు. నెలనెలా డబ్బు వచ్చేది పరమవీర చక్ర, వీర చక్ర, శౌర్యానికి ఇచ్చే సేనా మెడల్ లాంటి వాటికి. యుద్ధంలో పాల్గొన్నందుకు, ఫలానా చోట పనిచేసినందుకు, ఇన్నేళ్లు సర్వీసు చేసినందుకు ఇచ్చే మెడల్స్‌కి గౌరవమే తప్ప అలవెన్స్ ఉండదు. పెన్షన్ పెంచిస్తానన్న మాట దగ్గరే ఆ మనిషికి ఈ పని తెలియదని, లేదా తెలిసే అబద్ధం చెప్తున్నాడని అర్థమైపోతుంది. అసలు ఈ పనికి అయ్యే ఖర్చు పోస్టల్ ఆర్డరు, జిరాక్సులు, రిజిస్టర్డ్ పోస్టు, అంతే.

ఈ తేడా ఇంకో రకంగా కూడా మీకు పనికొస్తుంది. శౌర్య పతకం ఎవరికివ్వాలన్నది కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు చేస్తే పైవాళ్లు నిర్ణయించేది, గెజిట్‌లో వస్తుంది, నాకు రావాల్సిందే అని యాభై ఏళ్ల తర్వాత అడిగితే ఏ కోర్టూ సాధారణంగా వినదు. మీ నాన్నగారివి ఆ రకం కావు. ఫలానా తేదీల్లో ఫలానా ప్రాంతంలో ఉంటే చాలు, హక్కు వచ్చేసినట్టే. అంటే ఇక్కడ మీరు ఎవరినీ ఏమీ ఇమ్మని బతిమాలడం లేదు, ఆయన అప్పుడు ఎక్కడున్నారో కాగితం చూసి చెప్పండి అంటున్నారు. రాసే అర్జీలో కూడా ఆ స్వరమే ఉండాలి. "దయతలచి మెడల్ ప్రసాదించండి" అని రాసేవాళ్లని చాలామందిని చూశాను, నాకైతే అది నచ్చదు.

ఇక అసలు విషయం. డిశ్చార్జ్ బుక్కు మూల రికార్డు కాదు. ఇంటికి పంపేటప్పుడు అసలు రికార్డు చూసి ఒక క్లర్కు ఎత్తి రాసింది. అసలు రికార్డు షీట్ రోల్. జవాను చేరిన రోజు నుంచి పోస్టింగులు, ప్రమోషన్లు, పెళ్లి, పిల్లలు, శిక్షలు, మెడల్స్ అన్నీ అందులోకి ఎక్కుతాయి. అందులోకి ఎక్కాలంటే యూనిట్ నుంచి పార్ట్ టూ ఆర్డర్ (జవాను సర్వీసు వివరాల్లో మార్పుని రాతపూర్వకంగా ప్రకటించే ఉత్తర్వు) వెలువడాలి. మీ నాన్నగారిని అడగండి, పార్ట్ టూ ఆర్డర్ అనగానే ఆయనకి వెంటనే అర్థమవుతుంది, ఫౌజులో ఆ మాట తెలియనివాళ్లు ఉండరు. కాబట్టి మెడల్ ఎక్కడ తప్పిపోయిందనేది ముందు తేల్చుకోవాలి. షీట్ రోల్‌లో ఉండి బుక్కులోకి రాలేదా? లేక అసలు పార్ట్ టూ ఆర్డరే పడలేదా? మొదటిదైతే గుమాస్తా పొరపాటు, సవరణ రాసి రికార్డ్ ఆఫీసర్ సంతకం, ముద్ర వేస్తే అయిపోతుంది. రెండోదైతే ఆయనకి అర్హత ఉందా లేదా అని కొత్తగా పరిశీలించాలి, సాక్ష్యం కావాలి, టైమ్ పడుతుంది. ఈ రెంటిలో ఏదో తెలియకుండానే చాలామంది ఢిల్లీకి, రాష్ట్రపతికి, ప్రధానికి అర్జీలు పెడతారు. అవన్నీ చివరికి తిరిగి తిరిగి అదే రికార్డ్ ఆఫీసు టేబుల్ మీదకే వస్తాయి.

ఆర్టిలరీ వాళ్ల రికార్డ్ ఆఫీసు మహారాష్ట్రలో నాసిక్ రోడ్ క్యాంప్‌లో ఉంది. (ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ, సామగ్రి సరఫరా చేసే ఆర్డ్‌నెన్స్ వాళ్లవి మన సికింద్రాబాద్‌లోనే, సమాచార విభాగం సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్. నేవీ సెయిలర్లది ముంబైలో, ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌ది ఢిల్లీ సుబ్రతో పార్కులో.) మెడల్ కోసం అర్జీ పెట్టే ముందు అక్కడి నుంచి కాగితాలు తెప్పించండి, సమాచార హక్కు చట్టం కింద. ఆన్‌లైన్ పోర్టల్‌లో వేయొచ్చు, పోస్టులో అయితే 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయాలి. మీ పేరుతో కాదు, నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో వేయండి. కొడుకు అడిగితే ఇంకొకరి వ్యక్తిగత సమాచారం అని తిప్పి కొట్టే వీలుంది, ఆయన సొంత రికార్డు ఆయనే అడిగితే ఆ మాట అనలేరు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, "నాకు మెడల్ ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు. ఎందుకు అనే ప్రశ్నకి "ఇది సమాచారం కిందకి రాదు" అని ఒక్క లైను జవాబు వస్తుంది. కాగితం అడగండి. నా షీట్ రోల్‌లో మెడల్స్ రాసిన పేజీ సర్టిఫైడ్ కాపీ, 1971 అక్టోబరు నుంచి 1972 డిసెంబరు వరకు నేను ఏ యూనిట్‌లో ఎక్కడ ఉన్నానో చూపించే పేజీ, మెడల్స్ గురించి నా పేరు మీద వెలువడిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు, ఈ మూడూ. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీల్. సైన్యానికి ఈ చట్టం వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. మినహాయింపు ఉన్నది బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్, అస్సాం రైఫిల్స్ లాంటి వాటికి, ఆర్మీకి కాదు.

ఆ తేదీలు ఎందుకు అడగమన్నానంటే, సంగ్రామ్ మెడల్‌కి లెక్కలోకి వచ్చే కాలం 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 వరకు. యుద్ధం రెండు వారాల్లో ముగిసినా ఈ మెడల్ కాలం ఏడాది దాటి ఉంది, ప్రాంతాలు కూడా పశ్చిమ బెంగాల్, అస్సాం, మేఘాలయ, త్రిపుర, ఇటు పంజాబ్, రాజస్థాన్, కాశ్మీర్ వగైరా చాలా విశాలంగా ఉన్నాయి. కాబట్టి ఇది రుజువు చేయడం తేలిక. పూర్వీ స్టార్ అలా కాదు. తూర్పు రంగంలో నిజంగా యుద్ధ ప్రాంతంలో ఉన్నట్టు చూపాలి. ఆయన రెజిమెంటు సరిహద్దు దాటి ఉండొచ్చు, కానీ ఆయన ఆ రోజుల్లో సెలవులోనో, ఆస్పత్రిలోనో, కోర్సులోనో, వెనక డిపోలోనో ఉంటే రాదు. రెజిమెంటులో అందరికీ వచ్చింది కాబట్టి నాకూ రావాలి అన్న వాదన ఇక్కడ నిలబడదు. నొచ్చుకోకుండా ఆయన్ని ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి, ఆ డిసెంబరులో ఏ బ్యాటరీలో (రెజిమెంటులో కొన్ని ఫిరంగుల జట్టు) ఉన్నారు, ఎక్కడ గన్ పొజిషన్ వేశారు, ఏ ఊరు, ఏ నది, పక్కన ఎవరున్నారు. చెప్పింది చెప్పినట్టు రాసుకుని సంతకం పెట్టించండి, ఫోన్‌లో వీడియో కూడా తీయండి. 77 ఏళ్ల మనిషి జ్ఞాపకం ఇప్పుడున్నట్టు వచ్చే ఏడాది ఉంటుందని అనుకోలేం కదా.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. 1967లో చేరి 1984లో వచ్చేశారంటే 1972 ఆగస్టు 15న ఆయన సర్వీసులో ఉన్నట్టే. ఆ రోజు సర్వీసులో ఉన్నవాళ్లందరికీ స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ మెడల్ ఉంది. బుక్కులో రెండే రాసి ఉన్నాయన్నారు కాబట్టి అది కూడా తప్పిపోయింది. దానికి ఏ యుద్ధ రికార్డూ అక్కర్లేదు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ చాలు, అవి డిశ్చార్జ్ బుక్కు మీదే ఉన్నాయి. అర్జీలో దీన్ని మొట్టమొదట పెట్టండి. మీ బుక్కు రాసినవాళ్లు ఎంత అజాగ్రత్తగా రాశారో దీంతోనే తెలిసిపోతుంది, మిగతా రెండూ చదివే మనిషి కొంచెం శ్రద్ధగా చదువుతాడు.

ఇప్పుడు ఆ ట్రంకు పెట్టెలో మెడల్. దాన్ని బయటికి తీసి, అంచు చుట్టూ భూతద్దంతో చూడండి. చింతపండుతో, బూడిదతో తోమకండి, దయచేసి. సైన్యం ఇచ్చిన అసలు మెడల్స్ అంచు మీద సాధారణంగా ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. ఒరిజినల్స్ ఆలస్యమై కంటోన్మెంట్ బజారులో కొనుక్కుని పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు, కానీ బజారు మెడల్ అంచు ఖాళీగా ఉంటుంది. మీ నాన్నగారి నంబరు ఉంటే మీ పని సగం అయినట్టే, ఎందుకంటే ఆయన పేరు మంజూరు లిస్టులో లేకుండా ఆ పేరు ఆ లోహం మీదకి ఎక్కదు. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి అర్జీకి జత చేయండి. ఖాళీగా ఉంటే దాని గురించి అర్జీలో ఎత్తకపోవడమే మంచిది.

బుక్కులో సైన్య సేవా మెడల్ పక్కన క్లాస్ప్ (పనిచేసిన ప్రాంతం పేరుతో మెడల్ రిబ్బను మీద పెట్టే పట్టీ) పేరు ఏముందో కూడా చూడండి. బెంగాల్-అస్సాం అని ఉంటే ఆయన ఆ వైపు పనిచేశారనడానికి అది సైన్యమే రాసిచ్చిన మాట. అచ్చంగా 1971 డిసెంబరులో అక్కడున్నారని దాంతో రుజువవదు, తోడు సాక్ష్యంగా పనికొస్తుంది. పాత పే బుక్కు, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరాలు, అదే బ్యాటరీలో పనిచేసిన మనిషి ఇప్పటికీ ఉంటే ఆయన అఫిడవిట్, ఇవన్నీ అంతే.

అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, 1971లో యూనిట్, ఏ మెడల్ ఏ కారణంతో రావాలో ఒక్కోదానికి రెండు లైన్లు. పేరు బుక్కులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. మనవాళ్లకి ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, ఆ తగాదాని ఇందులో కలిపితే ఇదీ కాదు, అదీ కాదు. డిశ్చార్జ్ బుక్కు ఒరిజినల్ పోస్టులో పంపొద్దు. కాపీ పంపండి. ఒరిజినల్ కావాలని వాళ్లే రాతపూర్వకంగా అడిగితే అప్పుడు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపి రసీదు తీసుకోండి. అసలు అర్జీయే ఆ ఆఫీసు ద్వారా వెళితే ఇంకా మంచిది. బుక్కులో ఎవరితోనూ పెన్నుతో ఏమీ రాయించకండి. ఆ 25 వేల మనిషి చేసేది బహుశా అదే.

రికార్డు ధ్వంసమైపోయిందని జవాబు వస్తే? పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్‌లో ఉంది. మీ నాన్నగారు పెన్షనర్, ఆ 25 ఏళ్ల మాట ఆయనకి చెప్పడానికి లేదు. ఒకవేళ చెప్పినా, లాంగ్ రోల్ అనే రిజిస్టరు శాశ్వతంగా ఉంచేది, అందులో ఏముందో కాపీ ఇమ్మని అడగండి.

కోర్టు సంగతి చివర్లో చెప్తున్నాను, ఎందుకంటే అది చివర్లోనే రావాలి. సైనికుల సర్వీసు వ్యవహారాలకి 2007 చట్టం కింద ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నై బెంచ్. రిటైరైనవాళ్లు, వాళ్ల వారసులు కూడా వెళ్లొచ్చు. ముందు శాఖలో అడిగి చూడకుండా వస్తే సాధారణంగా తీసుకోరు. అర్జీ పెట్టి 6 నెలలు చూడాలి, తిరస్కరిస్తే ఆ తేదీ నుంచి 6 నెలల్లో, జవాబే రాకపోతే ఆ మొదటి 6 నెలలు అయ్యాక ఇంకో 6 నెలల్లో వేయాలి. అయితే ఒక చిక్కుంది, దాచిపెట్టడం ఎందుకు. 1984లో బుక్కు చేతికొచ్చినప్పుడే తప్పు కనిపిస్తోంది కదా, ఇన్నేళ్లు ఏం చేశారు అని అడుగుతారు. పెన్షన్ తక్కువొస్తున్న కేసుల్లో నెలనెలా నష్టం కొత్తగా జరుగుతున్నట్టే అని సుప్రీంకోర్టు 2008లో తర్సెమ్ సింగ్ కేసులో చెప్పింది, అక్కడ కూడా బకాయిలు మూడేళ్లకే. మెడల్‌కి నెలనెలా నష్టం అని చూపించలేం. పాత విషయం మీద ఇప్పుడు అర్జీ పెట్టి జవాబు తెచ్చుకున్నంత మాత్రాన గడువు మళ్లీ మొదలవదని కూడా అదే 2008లో సి. జాకబ్ కేసులో చెప్పారు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, వయసు, డబ్బు అడగడం లేదన్న సంగతి మీకు అనుకూలం, కానీ గ్యారంటీ ఇవ్వలేను. అందుకే నా సలహా, షీట్ రోల్‌లో మెడల్ ఉన్నట్టు కాగితం చేతిలో ఉండి కూడా బుక్కు సవరించము అంటేనే ట్రిబ్యునల్. పోస్టింగ్ పేజీ మీకు వ్యతిరేకంగా ఉంటే వద్దు, డబ్బు, మనశ్శాంతి రెండూ పోతాయి.

నాన్నగారు ఆ సంగ్రామ్ మెడల్ పెట్టుకోవచ్చా అంటే, అంచు మీద ఆయన నంబరు ఉంటే నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, ఎవరైనా అడిగితే ఆ అంచు చూపించమనండి. నకిలీ సైనికుల మీద వేసే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ పేరు చెప్పి ఎవరైనా భయపెడితే కంగారు పడొద్దు. సైనికుడు కానివాడు సైనికుడినని నమ్మించడానికి ఆ వేషం వేస్తేనే అది, 17 ఏళ్లు సర్వీసు చేసిన హవల్దారు గారికి ఆ అవసరమేముంది. పూర్వీ స్టార్ మాత్రం నాసిక్ రోడ్ నుంచి కాగితం వచ్చేదాకా బజారులో కొని పెట్టొద్దు.