బీఏ మ్యూజిక్ రెండో ఏడాదిలో ఉన్నాను, బీకాంకి మారిపోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. నాన్నగారి వ్యాపారం వల్ల చెన్నై అంబత్తూరులో స్థిరపడ్డాం. ఇక్కడే బీఏ మ్యూజిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను, గాత్రం. క్లాసులో సగం మంది చిన్నప్పటి నుంచి గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లే. నేను తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. కృతులు బాగానే పాడతాను కానీ కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) వేయమంటే నోరు ఎండిపోతుంది. ‘సంగీతంతో బతకలేవు, బీకాంలో చేరు’ అని నాన్నగారు ఒకటే పోరు. నాకూ అదే నయమనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: నాన్నగారి భయం జీతం గురించి, మీ భయం కల్పనస్వరాల గురించి. బీకాంలో చేరితే మీ భయం ఆ రోజే వదిలిపోతుంది కాబట్టి, ఆయన చెప్పేది కూడా మీకు సబబుగా తోస్తోంది. ఈ రెండూ కలిపి చూడకండి.

ముందు, మారితే ఏమవుతుందో చెప్తాను. నేరుగా బీకాం రెండో ఏడాదిలో కూర్చోబెడతారనే ఆశ పెట్టుకోకండి. ఇక్కడి డిగ్రీల్లో పార్ట్ వన్ భాష, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీ మెయిన్, దానికి తోడుగా ఉండే అలైడ్ సబ్జెక్టులు. పార్ట్ వన్‌లో తెలుగు తీసుకుని ఉంటే ఆ మార్కులు, ఇంగ్లీషు మార్కులు లెక్కలోకి తీసుకుంటారేమో అడగొచ్చు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ బదులు డెబ్భై రెండు మేళకర్త రాగాలు అప్పజెప్తానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అంటే దాదాపు మళ్లీ మొదటి ఏడాదే.

నాన్నగారిని ఒక్క మాట అడగండి: ‘బీకాం తర్వాత నేనేం చేయాలని మీ ఉద్దేశం?’ బ్యాంకు పీవో పరీక్షలకు, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. మూడేళ్ల ఎల్ఎల్‌బీకి, క్యాట్ రాసి ఎంబీఏకి వెళ్లడానికి కూడా మార్కుల శాతమే చూస్తారు, సబ్జెక్టు కాదు. తమిళనాడు సర్వీస్ కమిషన్ పరీక్షలైతే మీకు అడ్డం వచ్చేది మ్యూజిక్ డిగ్రీ కాదు, తప్పనిసరి తమిళం పేపరు. స్కూల్లో తమిళం చదవని మన పిల్లలకు అసలు చిక్కు అక్కడే. సీఏ అంటారా, దాని తొలి పరీక్ష ఫౌండేషన్‌ను ఇంటర్ అర్హతతోనే రాయొచ్చు.

అకౌంట్స్ ఉద్యోగమే కావాలంటే చాలాచోట్ల బీకాం అడుగుతారు. దానికీ మ్యూజిక్ వదలక్కర్లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతి ఇచ్చింది. ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకొకటి దూరవిద్యలో చేయొచ్చు. మీ కాలేజీ ఆఫీసులో ఒకసారి కనుక్కుని ఇగ్నోలోనో, మద్రాస్ యూనివర్సిటీ దూరవిద్యలోనో బీకాం కట్టండి.

ఇక కల్పనస్వరాలు. పదేళ్లుగా ఇంట్లో, సభల్లో విని విని పెరిగినవాళ్లతో మీరు పోల్చుకుంటున్నారు. వాళ్లకు అది చెవిలో ఉంది, మీకు ఇంకా నోట్‌బుక్‌లో ఉంది. ఒక్క మోహన రాగం తీసుకోండి. ఆది తాళం, ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మించకుండా, పల్లవి ఎత్తుగడకు సరిగ్గా వచ్చి చేరేలా నెల రోజులు రోజూ వేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వినడానికి సిగ్గేస్తుంది, అయినా వినండి. క్లాసులో తాళం తప్పితే ఎవరో నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీకు ఉన్న లాభం మీకు కనబడటం లేదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలన్నిటికీ ఒకటే అక్షరం. మీ క్లాస్‌మేట్లు త్యాగరాజ కీర్తన రాసుకునేటప్పుడు ఏది ఖ, ఏది గ అని తెలియడానికి అక్షరాల పక్కన 2, 3, 4 అంకెలు వేసుకుంటారు, చూసే ఉంటారు. ఒకే సాహిత్య పంక్తిని రకరకాలుగా అల్లి పాడే నెరవల్‌లో మాట ఎక్కడ విరవాలో వాళ్లు అడిగి తెలుసుకోవాలి. మీకు సాహిత్యం అర్థమయ్యే వస్తుంది. దీన్ని వాడుకోండి.

డబ్బు విషయంలో నాన్నగారిది ఉత్త భయం కాదు. చెన్నై డిసెంబరు సంగీత సీజన్‌లో మధ్యాహ్నం కచేరీలు పాడే కుర్రాళ్లలో చాలామందికి చేతికి మిగిలేది ఏమీ ఉండదు, పక్కవాద్యాలకు జేబులోంచి ఇచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమందికి ఇల్లు గడిచేది పాఠాలు చెప్పడం వల్లే. అమెరికా పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులంటే తెల్లవారుజామునే లేవాలి. నెలజీతం కావాలంటే కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ మ్యూజిక్ టీచరు పోస్టులు ఉంటాయి, వాటికి అడిగేది మ్యూజిక్ డిగ్రీయే. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు నెలకు 5,000 రూపాయలు చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. గురువు దగ్గర అయిదేళ్ల శిక్షణ ఉండాలి. తొమ్మిదో తరగతి నుంచి లెక్కేస్తే మీకు సరిపోతుంది.

నా మాట అడిగితే, డిగ్రీ పూర్తి చేయండి. ఒక్క సందర్భంలోనే మారమంటాను: పోయిన సెలవుల్లో ఎవరూ అడగకుండా మీరు ఒక్కసారి కూడా శ్రుతి పెట్టుకుని కూర్చోలేదంటే. అప్పుడు మూడో ఏడాది ఫీజు కట్టకముందే బయటపడండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పక్కనే బీకాం కూడా చేయాలనుకుంటే, ఇగ్నోలో జనవరి, జూలై రెండు సార్లు చేరొచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మీ సెమిస్టర్ పరీక్షలు మామూలుగా నవంబరు, ఏప్రిల్ నెలల్లో ఉంటాయి కాబట్టి పెద్దగా ఢీకొనవు. డిసెంబరు కచేరీలు మాత్రం కొన్ని వదులుకోవాల్సి వస్తుంది.