గేమ్ ఆడనివాళ్ళకు కూడా నచ్చే గేమ్ సిరీస్ ఏది?

ఆన్‌లైన్‌లో నలుగురూ కలిసి ఆడే గేమ్‌ల మీద తీసిన సిరీస్‌లలో, గేమ్ తెలియనివాళ్ళకూ నచ్చేది చెప్పమన్నారు. నేను ఒక్క గేమూ ఆడలేదు. అయినా ముందుగా ‘లాగ్ హొరైజన్’ చూడమంటాను.

2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు మా తమ్ముడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మాది తిరుపతి కొర్లగుంట. వాడి స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ మదనపల్లె, పుత్తూరు, పలమనేరు పిల్లకాయలు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు, కానీ రాత్రి పదయ్యేసరికి మాట కలవాల్సిందే. పోతే పోయిందిలేరా అన్నాను. “గేమ్ పోతే ఇంకోటొస్తాదక్కా, జతగాళ్ళు యాడ దొరుకుతారు?” అన్నాడు.

ఆ వారమే వాడి పక్కన కూర్చుని ‘లాగ్ హొరైజన్’ చూశాను. 2013లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కేలో మొదలైన అనిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) ఇది. ‘ఎల్డర్ టేల్’ అనే గేమ్‌లో 30,000 మంది జపాన్ ఆటగాళ్ళు ఇరుక్కుపోతారు. చచ్చినా మళ్ళీ లేస్తారు. ఇంక కథేముంది అనుకున్నా. అసలు బాధ తిండి దగ్గర మొదలవుతుంది. మెనూలో నొక్కితే ఏ వంటకమైనా ప్రత్యక్షమవుతుంది, దేనికీ రుచుండదు. వంట వచ్చిన పాత్ర మెనూ వదిలేసి చేత్తో వండితేనే రుచి పుడుతుంది. ఆ సీన్ వచ్చేసరికి అమ్మ సంగటి కెలుకుతోంది. తెడ్డు పట్టుకునే గుమ్మంలోకొచ్చి నిలబడింది. సబ్‌టైటిల్స్ చదవలేదు కాబట్టి తమ్ముడే చెబుతూ పోయాడు. అడుగంటిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

తర్వాత ఆ వంటతోనే బర్గర్లు అమ్మి డబ్బు కూడబెట్టడం, కొత్త ఆటగాళ్ళను పీల్చుకుతినే గిల్డ్ (ఆటగాళ్ళు కట్టుకున్న జట్టు) ఆట కట్టించడం, ముఖ్యమైన గిల్డులు ఒకచోట కూర్చుని ఊరికి కట్టుబాట్లు రాసుకోవడం. నాకు కత్తియుద్ధాలకన్నా ఈ పంచాయతీలే బాగా నచ్చాయి.

ఉత్కంఠే కావాలంటే 2012లో వచ్చిన ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’ ఉంది, అందులో గేమ్‌లో చస్తే నిజంగానే చస్తారు. 2021 నాటి ‘ఆర్కేన్’ పాత్రలు లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్‌వి. అక్కాచెల్లెళ్ళు విడిపోయే కథ కాబట్టి గేమ్ పేరు వినకపోయినా ఏడిపిస్తుంది. ‘డిఫయన్స్’ మాత్రం వేరే ప్రయోగం. 2013 ఏప్రిల్‌లో గేమూ సీరియలూ రెండూ ఒకే నెలలో మొదలయ్యాయి, సీరియల్ మూడు సీజన్లకే ఆగిపోయింది.

‘లాగ్ హొరైజన్’ మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది. వంట దాకా ఓపిక పట్టండి, అప్పటికీ నచ్చకపోతే ఆపేయండి.