టెక్ సందేహాలు: బొమ్మ కారుకు మీ ఎస్ఎంఎస్‌లతో పనేంటి?

ప్రశ్న: రిమోట్ కారుతో డ్రిఫ్టింగ్ (కారును పక్కకు జారుస్తూ మలుపు తిప్పడం) నేర్చుకోవాలని ఉంది. చేతిలో డబ్బు తక్కువ. చవగ్గా వస్తోందని వెనక చక్రాలతో నడిచే రెడీమేడ్ కారు కొన్నాను. ట్రిగ్గర్ నొక్కగానే బొంగరంలా గిర్రున తిరుగుతోంది. మోటారు మార్చాలా?

మోటారు జోలికి వెళ్లకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. రాసేవాళ్లు మారతారు, కారు మారుతుంది, చివర్లో ‘మోటారు మార్చాలా’ అన్న ప్రశ్న మాత్రం మారదు. మిగిలిన కాస్త డబ్బూ మోటారుకే పోసి, అంతకంటే జోరుగా గిర్రున తిరిగే కారును తయారు చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

డ్రిఫ్ట్ టైరు గట్టి ప్లాస్టిక్‌ది. దానికి నున్నటి నేల మీద పట్టు దాదాపు ఉండదు. వెనక చక్రాలు జారడానికి మామూలు బ్రష్డ్ మోటారు చాలు. కష్టమంతా జారడం మొదలయ్యాకే. తోక ఎటు జారితే ముందు చక్రాలు వెంటనే అటే తిరగాలి. నిజమైన కారులో ఆ జారుడు డ్రైవరు నడుముకు ముందే తెలిసిపోతుంది. మీరేమో దూరంగా నిలబడి, కంటితో చూసి, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పుతున్నారు. అప్పటికే ఆలస్యం. ఆ లోటు తీర్చేదే గైరో. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌కూ, ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారైన స్టీరింగ్ సర్వోకూ మధ్య కూర్చుని, కారు తిరగడం మొదలవగానే పసిగట్టి ముందు చక్రాలను అదే సరిచేస్తుంది. వెనక చక్రాలతో నడిచే కారుకు ఇది లేకపోతే కొత్తవాళ్లకు చేతకాదు.

మీ కారులో గైరో ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే మోటారుకు పెట్టాలనుకున్న డబ్బు దానికి పెట్టండి. ఉంటే ఓ చిన్న పరీక్ష. కారును నేల మీద పెట్టి ఆన్ చేసి, కొన్ని సెకన్లు కదపకుండా వదిలేయండి. గైరో తన సున్నా ఎక్కడుందో తేల్చుకునేది అప్పుడే. తర్వాత తోకను చేత్తో చటుక్కున కుడివైపు జరపండి. ముందు చక్రాలు కూడా కుడివైపే తిరిగాయా? సరే. ఎడమవైపు తిరిగాయంటే గైరో రివర్స్‌లో ఉన్నట్టు. కారును ఆపాల్సింది పోయి అదే తిప్పుతోంది. గైరో మీద రివర్స్ స్విచ్చో సెట్టింగో ఉంటుంది, మార్చేయండి. నా మొదటి కారుకు ఈ సంగతి తెలియక రెండు సాయంత్రాలు సర్వోను తిట్టుకున్నాను, పాపం దానిది ఏ తప్పూ లేదు. ఇక కారు నేరుగా పోతున్నప్పుడు ముందు చక్రాలు గజగజ వణుకుతుంటే గెయిన్, అంటే గైరో ఎంత గట్టిగా సరిచేయాలన్న సెట్టింగ్, ఎక్కువైందన్నమాట. వణుకు ఆగేదాకా తగ్గించండి. ఎంత తగ్గించినా జారేటప్పుడు ముక్కు అటూ ఇటూ ఊగుతూనే ఉంటే, గైరో చెప్పినంత వేగంగా సర్వో తిరగలేకపోతోందని అనుకోవచ్చు. ఖర్చు పెట్టాల్సింది అక్కడ.

అసలు కారే ఇంకా కొనని వాళ్లకు నా సలహా వేరు. మోటారు నాలుగు చక్రాలనూ తిప్పే పాత 1/10 సైజు (అసలు కారులో పదో వంతు) టూరింగ్ కారు చాసీ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. దానికి ప్లాస్టిక్ టైర్లు వేసి, వెనక రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను, అవి ఒక్కటిగా తిరిగేలా బిగించేస్తే చాలు. ముందు చక్రాలు కూడా లాగుతాయి కాబట్టి గైరో లేకుండానే నిలబడుతుంది. జపాన్‌లో ఈ సరదా మొదలైంది కూడా ఇలాంటి టూరింగ్ కార్లతోనే. ఇప్పుడు ట్రాకుల మీద ఎక్కువగా కనిపించేవి వెనక చక్రాల కార్లే, అది నిజం. కానీ నీళ్ల సీసా చుట్టూ ఒక గుండ్రం, అటు నుంచీ ఇటు నుంచీ సమంగా తిప్పడం వచ్చేదాకా మీరు ట్రాకుకు వెళ్లి చేసేదేమీ లేదు. చోటు తక్కువుంటే గైరోతో వచ్చే 1/28 సైజు కారుకు ఒక గది నేల సరిపోతుంది. రిమోట్ మాత్రం మంచిది తీసుకోండి, కనీసం మూడు ఛానెళ్లు (కారుకు విడివిడిగా ఆదేశాలు పంపే దారులు) ఉండాలి. మూడో ఛానెల్‌తో గైరో గెయిన్‌ను నిలబడ్డ చోటి నుంచే మార్చుకోవచ్చు. కార్లు మారినా రిమోట్ మీతోనే ఉంటుంది. బాడీ, రంగులు, స్టిక్కర్లు చిట్టచివరికి. ఎలాగూ మొదటి వారంలోనే గోడకు గీరుకుంటాయి.

ప్రశ్న: గైరో సెట్ చేయాలంటే డబ్బా మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ వేసుకోమన్నారు. ఏపీకే ఫైల్ (యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) దిగింది. లొకేషన్, కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్ అడుగుతోంది. ఇవ్వకపోతే ముందుకు కదలడం లేదు. ఇచ్చేయనా?

ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ కాలమ్ పక్కన పెట్టి ముందు ఆ యాప్ తీసేయండి.

లొకేషన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు, చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే యాప్‌కు లొకేషన్ అనుమతి ఉండాల్సిందే. 12లో దానికి విడిగా ‘దగ్గరలోని పరికరాలు’ అనే అనుమతి వచ్చింది. కాబట్టి పాత ఫోన్‌లో లొకేషన్ అడగడంలో తప్పు పట్టలేం. ఎస్ఎంఎస్ ఎందుకు? ముందు చక్రం ఎంత తిరగాలో మీ బ్యాంకు ఓటీపీ చెబుతుందా? యాక్సెసిబిలిటీ అనుమతి కూడా అడిగిందంటే ఇక మాటల్లేవు. అది ఇస్తే యాప్ మీ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. పైగా ఈ ఫైలు ప్లే స్టోర్ నుంచి రాలేదు. ఆ కోడ్ వెనక ఉన్న లింకులో నేడు ఒక ఫైలు ఉంటుంది, రేపు ఇంకొకటి పెట్టొచ్చు. డబ్బా మీద అచ్చు మాత్రం అదే.

ఆ గైరో తప్పదనుకుంటే మూలన పడున్న పాత ఫోన్ తీయండి. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ లేకుండా, ఏ ఖాతాతోనూ లాగిన్ కాకుండా, ఇంటి వైఫైకి కలపకుండా వాడండి. ఏపీకేను మెమరీ కార్డుతో ఎక్కించుకోవచ్చు. బ్లూటూత్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోనని మొండికేస్తే ఆ గైరోను తిరిగిచ్చేయండి.

అసలు నా కోపం యాప్ మీద కూడా కాదు. ఒక చిన్న మరతో, స్క్రూడ్రైవర్‌తో అయిపోయే పని ఇది. కొన్ని గైరోలకు ఇప్పటికీ ఆ మర ఉంది, పదేళ్ల తర్వాత కూడా తిరుగుతుంది. యాప్‌ది ఆ కథ కాదు. ఫోన్ అప్‌డేట్ కాగానే తెరుచుకోదు, అమ్మినవాళ్లు పట్టించుకోరు, బాగున్న వస్తువు చెత్తబుట్టలోకి పోతుంది. బల్బుకు యాప్, త్రాసుకు యాప్, పళ్లు తోముకునే బ్రష్‌కూ యాప్. ఒక్కోదానికి ఒక్కో ఖాతా, ఒక్కో పాస్‌వర్డ్. ఇదంతా ‘స్మార్ట్’ అని మనకే అమ్ముతున్నారు.

ప్రశ్న: పాత నిమ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) బ్యాటరీ ఛార్జర్‌తో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఛార్జ్ చేయొచ్చా? ప్లగ్ సరిపోతోంది.

ప్లగ్ సరిపోతే చాలదు. నిమ్ ఛార్జర్‌కు లైపోను ఎక్కడ ఆపాలో తెలియదు. రెండు సెల్స్ లైపో 8.4 వోల్టుల దగ్గర ఆగాలి, దాటితే మంటలు రావచ్చు. ఒక్కో సెల్‌నూ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ కొనే స్తోమత లేకపోతే నిమ్ బ్యాటరీతోనే నడపండి, డ్రిఫ్టింగ్‌కు అదీ సరిపోతుంది. ఉబ్బిన లైపోను ఛార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు.

ప్రశ్న: ప్లాస్టిక్ టైర్లు కొనకుండా రబ్బరు టైర్లకు ఎలక్ట్రికల్ టేప్ చుట్టొచ్చా?

చుట్టొచ్చు, కాసేపు బాగానే జారుతుంది. తర్వాత అంచు లేచి ఇరుసుకు చుట్టుకుంటుంది. అంతకంటే, టైరు మీదికి బిగుతుగా దిగే పీవీసీ పైపు దొరికితే నాలుగు రింగులు ఒకే వెడల్పున కోసి తొడగండి. అంచులు ఉప్పుకాగితంతో రుద్దడం మర్చిపోవద్దు. గరుకుగా ఉంటే కారు ఒక వైపుకే లాగుతుంది, మీరు మళ్లీ గైరో మీద పడతారు.