బోటుకు ఏమైనా అయితే పోయేది డిపాజిట్ ఒక్కటేనా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చారు. వచ్చే నెల రెండు కుటుంబాలం కలిసి లేక్ లూయిస్‌విల్‌లో నాలుగు గంటల పాటు పాంటూన్ బోటు (గొట్టాల్లాంటి తేలియాడే దిమ్మల మీద బల్లపరుపు వేదిక ఉండే బోటు) అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం. నడిపేది నేనే, అదీ మొదటిసారి. డిపాజిట్ 500 డాలర్లట. డ్యామేజీ వేవర్ తీసుకుంటే ఇంకో 60. కార్లు అద్దెకు తీసుకున్నప్పుడు క్రెడిట్ కార్డు కవరేజీతోనే కానిచ్చేస్తాను. ఇక్కడా అది చాలు కదా? ఏం జరిగినా పోయేది ఆ 500 డాలర్లేగా?

జవాబు: రెండూ కాదండీ.

క్రెడిట్ కార్డుల మీద వచ్చే అద్దె వాహనాల కవరేజీ కార్ల కోసం పెట్టింది. బోట్లు అందులోకి రావు. మీ కారు ఇన్సూరెన్సూ అంతే. ఇంటి ఇన్సూరెన్సులో లయబిలిటీ భాగం (మీవల్ల ఇతరులకు జరిగే నష్టానికి కవరేజీ) ఉంటుంది కానీ, మీరు అద్దెకు తెచ్చుకుని వాడుతున్న వస్తువు పాడైతే అది సాధారణంగా వర్తించదు. అంటే బోటుకు దెబ్బ తగిలితే బిల్లు నేరుగా మీకే వస్తుంది.

ఇక ఆ 500 అంటారా, అది వాళ్లు ముందుగా పట్టి ఉంచుకునే సొమ్ము. మీ బాధ్యత అక్కడితో ఆగుతుందని ఒప్పందంలో రాసి ఉంటే తప్ప ఆగదు. రిపేరు ఖర్చుతో పాటు, బోటు షెడ్డులో ఉన్నన్నాళ్లు పోయిన అద్దె కూడా కస్టమరే కట్టాలనే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. ‘లాస్ ఆఫ్ యూజ్’ అనే మాట కనబడుతుందేమో వెతకండి.

వేవర్ దండగా కాదా అన్నది దాని వెనక పేజీ చదివితే తేలుతుంది. వేవర్ ఇన్సూరెన్స్ కాదు. ఇంతకు మించి మిమ్మల్ని అడగం అని కంపెనీ ఇచ్చే మాట. ఎంతకు మించి అన్న అంకె ఒకటి చూడండి, మినహాయింపులు రెండోది. చాలాచోట్ల ప్రొపెల్లర్‌నూ, ఇంజన్ అడుగున ఉండే లోయర్ యూనిట్‌నూ వదిలేస్తారు. మొదటిసారి నడిపేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది వాటినే! అయినా సరే, బోటు మునిగినా, ఇంకో బోటును గుద్దినా మీ వంతు ఒక అంకె దగ్గర ఆగేటట్టయితే 60 డాలర్లు ఇచ్చేయండి. పదివేల డాలర్లు దాటే వస్తువు అది. ఆ వేవర్ కాపాడేది కేవలం డిపాజిట్ మేరకే అయితే మాత్రం నేను తీసుకోను. 500 పోయినా మీ నెల బడ్జెట్ తట్టుకుంటుంది.

వేవర్ వదిలేసిన ప్రొపెల్లర్‌ను మీరే కాపాడుకోవాలి. అల్యూమినియం ప్రొపెల్లర్ వంగితే వందల్లో పోతుంది, లోయర్ యూనిట్ పగిలితే వేలల్లో. లూయిస్‌విల్ సహజంగా ఏర్పడిన సరస్సు కాదు, డ్యామ్ కట్టి నింపిన జలాశయం. నిండు మట్టం సముద్రమట్టానికి 522 అడుగుల ఎత్తు, లోతు కాదు. ఎండలు ముదిరి నీళ్లు తగ్గాయంటే ఇసుక మేటలు, మొద్దులు ప్రొపెల్లర్‌కు తగిలేంత పైకి వస్తాయి. 1927లో కట్టిన పాత డ్యామ్ గట్టు కూడా ఇంకా ఆ నీళ్లలోనే ఉంది. బయల్దేరే ముందు మెరీనాలో (బోట్లు నిలిపి ఉంచే రేవులో) మ్యాప్ అడిగి, ఎటు పోకూడదో వాళ్ల చేతే పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. పొరపాటున అడుగు తగిలిందా, వెంటనే న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేయండి. బయటపడదామని అక్కడే రేజ్ చేస్తే, ఇంజన్ చల్లబడటానికి లాగే నీళ్లతో పాటు ఇసుకా లోపలికి పోతుంది. అప్పుడిక ప్రొపెల్లర్ బిల్లు కాస్తా ఇంజన్ బిల్లవుతుంది.

తర్వాతి గండం డాక్ దగ్గర, అంటే బోటును కట్టేసే గట్టు దగ్గర. బోటుకు బ్రేకులుండవు. పాంటూన్ పైభాగం పెళ్లిపందిరి లాంటిది, ఏ కాస్త గాలి వీచినా పక్కకు కొట్టుకుపోతుంది. ఉత్తర టెక్సస్‌లో వేసవి గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి ఇంకా పెరుగుతుంది. అందుకే పొద్దున స్లాట్ తీసుకోండి, వీలైతే శని, ఆదివారాలు కాకుండా. వీలున్నచోట గాలికి ఎదురుగా డాక్ వైపు రండి. గేరు వేయడం, రెండు క్షణాలాగి న్యూట్రల్ చేయడం, మళ్లీ వేయడం. ఆ వేగం చాలు. వరస కుదరకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ రండి. ఒడ్డున ఎవరైనా నవ్వినా దానికి చార్జీ లేదు. టన్నుకు పైగా బరువున్న బోటును కాలు అడ్డం పెట్టి ఆపుదామని మాత్రం ఎవరూ ముందుకు రాకూడదు.

బోటును డాక్‌కు చేర్చే ఆ ఐదు నిమిషాలూ మావయ్య ఎడమకంటే బాబాయి కుడికంటారు. మాట్లాడేది ఒక్కరే ఉండాలని ముందే చెప్పేయండి. సెల్ఫీ కోసం అందరూ ముందు భాగంలోకి పోకూడదని కూడా. ముందు బరువెక్కువైతే ముక్కు అలలోకి దిగి నీళ్లు లోపలికి వస్తాయి. ఎంతమంది ఎక్కవచ్చో ఒప్పందంలోనూ, బోటుకు బిగించిన ప్లేటు మీదా ఉంటుంది. చంటిపిల్లలనూ లెక్కలోకి తీసుకోండి. పరిమితి దాటితే వేవర్ చెల్లదనే వంక కూడా దొరుకుతుంది.

మీరు అడగలేదు కానీ, ఫైనాన్షియల్ ప్లానర్‌గా నన్ను ఎక్కువ భయపెట్టేది బోటు కాదు. బోటు నష్టానికి ఎక్కడో ఒక హద్దు ఉంటుంది, మనిషికి దెబ్బ తగిలితే వచ్చే ఆసుపత్రి బిల్లుకూ దావాకూ ఉండదు. మీ ఇంటి పాలసీ, అంబ్రెల్లా పాలసీ (ఇల్లు, కారు పాలసీల పరిమితి దాటిన లయబిలిటీకి అదనపు పాలసీ) ఉంటే అదీ, అద్దె బోటు లయబిలిటీని ఎంత హార్స్‌పవర్ వరకు కవర్ చేస్తాయో ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్సులో నీటి క్రీడల మినహాయింపు ఉందేమో చూడండి. లైఫ్ జాకెట్లు టెక్సస్‌లో 13 ఏళ్లలోపు పిల్లలకు తప్పనిసరి, పెద్దవాళ్లకు కాదు. అయినా అందరికీ తొడిగించండి. అమెరికాలో బోటు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది మునిగి పోయినవాళ్లే, వాళ్లలోనూ అత్యధికులు జాకెట్ వేసుకోనివాళ్లే. మీరు 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే, 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపడానికి బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. నడిపేవాళ్లు ఆ రోజు బీరు ముట్టకూడదని వేరే చెప్పాలా?

డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలోని 500 హోల్డ్ తీసేదాకా ఇరుక్కుపోతాయి. తాళం తీసుకునే ముందు బోటు చుట్టూ వీడియో తీయండి. ఇంజన్ పైకి లేపించి, ప్రొపెల్లర్ రెక్కల అంచులను దగ్గరగా తీయండి. పాత నొక్కులుంటే వాళ్ల కాగితం మీద రాయించండి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. సిబ్బంది చూసి, డ్యామేజీ లేదని సంతకం పెట్టేదాకా అక్కణ్నుంచి కదలకండి. తర్వాత స్టేట్‌మెంట్‌లో మీరు ఒప్పుకోని చార్జీ కనబడితే, ఆ స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి ఆ వీడియోలు జత చేయండి.